తాతల నాటి రైఫిల్ అమ్మితే ఎంత వస్తుంది? ధర మీరే లెక్కగట్టుకోండి

"అన్నా, మా తాతది రైఫిల్ ఒకటి ఉండాది. అమ్మితే ఎంతొస్తాది?"

పలమనేరు వైపు నుంచి, పుత్తూరు వైపు నుంచి, తిరుపతిలోనే నాలుగు వీధుల అవతల నుంచి ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. దాంతోపాటు ఫోన్‌లో ఒక ఫొటో పంపుతారు. మంచం మీద దుప్పటి, దాని మీద రైఫిల్. ఆ ఫొటోలో నాకు కర్ర మెరుపు తప్ప ఇంకేమీ కనపడదు. ధరను తేల్చేవి మూడు సంగతులు: కలెక్టరేట్ ఫైల్లో ఏముంది, గొట్టం లోపల ఎలా ఉంది, ఆ బోరు (గొట్టం లోపలి కొలత) తూటా ఈరోజు దొరుకుతుందా. ఈ మూడూ ఫొటోలో ఉండవు.

మా నాయన రైఫిల్‌ను నా పేరుకు మార్పించుకున్నప్పటి నుంచి ఈ పని మీద తిరుగుతున్నాను. తెలిసినవాళ్ల వెంట డీలర్ల దగ్గరికి వెళ్లి గంటలు గంటలు కూర్చున్నాను. చూసి నేర్చుకున్నది, నష్టపోయి నేర్చుకున్నది రెండూ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. లైసెన్సుదారు బతికి ఉంటే, ఆయన ఎదురుగానే రైఫిల్ చూడండి. ఆయన పోయి ఉంటే మాత్రం ఇంట్లో పెట్టుకుని ఏ పరీక్షా చేయొద్దు. లైసెన్సు మనిషితోనే పోతుంది. ఆ తర్వాత రైఫిల్ బీరువాలో ఉన్న ప్రతి రోజూ మీ మీద కేసుకు అవకాశం ఉన్నట్టే. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేసి, రసీదు తీసుకోండి. నా సలహా అయితే డీలర్ దగ్గరే. కింద చెప్పిన పరీక్షలన్నీ అక్కడే కూర్చుని చేసుకోవచ్చు.

కావలసినవి

- లైసెన్సు ఒరిజినల్, అందులో యూఐఎన్ నంబరు (లైసెన్సుదారుకు ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉన్న పేజీ
- కొన్నప్పటి బిల్లు, ఎన్ని ముక్కలైనా సరే
- పాత డిపాజిట్ రసీదులు
- చిన్న టార్చి, తెల్ల కాగితం, భూతద్దం
- ఆ బోరుకు సరిపోయే క్లీనింగ్ రాడ్, బ్రష్, పాత పంచె గుడ్డ ముక్కలు
- ఉంటే రెండు డమ్మీ (మందు లేని) తూటాలు
- నోటు పుస్తకం

పాలిష్, ఎమెరీ కాగితం, వార్నిష్ డబ్బా అక్కర్లేదు. ఎందుకో ఏడో అంచెలో చెబుతాను.

1. ముందు కాగితం చూడండి, రైఫిల్ తర్వాత

గొట్టం అద్దంలా ఉన్నా, కాగితం సరిగా లేకపోతే ధర సున్నా. మన దేశంలో పాత రైఫిల్‌ను చట్టప్రకారం కొనగలిగే మనిషి ఉంటేనే దానికి ధర. అందుకే ఇక్కడ మొదలుపెట్టాలి.

లైసెన్సు గడువు ఎప్పటి వరకు ఉందో చూడండి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు అయిదేళ్లకు ఇస్తున్నారు. అంతకుముందు మూడేళ్లు. యూఐఎన్ ఉందా చూడండి. అది లేని పాత లైసెన్సు పుస్తకం చెల్లదు. తర్వాత లైసెన్సులో రాసిన బోరు, తయారీ, నంబరు ఒక్కో అక్షరం రైఫిల్‌తో సరిపోల్చండి. ఇక్కడే చాలామందికి దెబ్బ తగులుతుంది. ముప్పై, నలభై ఏళ్ల కిందట చేత్తో రాసిన పుస్తకాల్లో ఇంగ్లీషు బి అక్షరం 8 అయిపోతుంది, 1 కాస్తా 7 అవుతుంది. ఒక్క అంకె తేడా ఉంటే డీలరు ముట్టుకోడు. దాన్ని సరిచేయించడానికి అర్జీ పెట్టుకోవాలి, రైఫిల్ చూపించాలి, తిరగాలి. ఆ పనయ్యాకే అమ్మకం మాట.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి, సత్యవేడు వాళ్ల పాత లైసెన్సులు చిత్తూరు కలెక్టరేట్ ఇచ్చినవి. సూళ్లూరుపేట వాళ్లవి నెల్లూరు నుంచి వచ్చాయి. మీ ఫైలు ఇప్పుడు ఏ కలెక్టరేట్‌లో ఉందో, ఆన్‌లైన్ రికార్డులో ఏ జిల్లా చూపిస్తోందో ముందుగానే కనుక్కోండి. కొనేవాడు దొరికాక ఇది తెలిస్తే, నెలలు గడిచి ఆ బేరం చేజారిపోతుంది.

వారసులకు: లైసెన్సుదారు పోయాకే కాదు, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, వారసుడి పేరుకు లైసెన్సు అడిగే వీలు 2016 ఆయుధ నియమాల్లో ఉంది. ఇంట్లో పెద్దాయన ఉండగానే ఈ పని చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. స్టేషన్‌లో డిపాజిట్ చేసి ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే, గడువు దాటాక ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. అలా పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లకు రైఫిల్ విలువ తెలియక కాదు, రసీదు ఎక్కడో పెట్టి మరిచిపోయారు.

2. ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి

"మా తాత పోయి పదేళ్లయింది, లోపల ఏముంటుంది" అనుకోవద్దు. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, మేగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీయండి. బోల్టు (గొట్టాన్ని వెనక నుంచి మూసే పిడి ఉన్న ఇనుప కడ్డీ) వెనక్కి లాగండి. చాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) టార్చి వేసి చూడండి, చిటికెనవేలు పెట్టి తడమండి. చూపు, వేలు రెండూ చెప్పాకే నమ్మండి. తూటా ఇరుక్కుని ఉండి రాకపోతే మీరు కెలకొద్దు, డీలరుకు అప్పగించండి.

పాత తూటాలు ఇంట్లో కనపడితే అవీ డిపాజిట్ చేయాల్సిందే. ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిన తూటాలకు ధర లేదు, వాటిని కాల్చి చూడాలన్న ఆలోచన అసలే వద్దు.

3. ఏ రైఫిలో, ఏ బోరో తేల్చండి

మన జిల్లాల్లో పాత ఇళ్లలో బయటపడే రైఫిళ్లను ధర కోసం నేను మూడు వరసలుగా చూస్తాను.

మొదటిది, మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ 315 బోర్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. చూడటానికి పోలీసుల పాత త్రీ నాట్ త్రీ (303 బోరు) లాగే ఉంటుంది, ఎందుకంటే రెండింటి బోల్టు పద్ధతీ ఒకటే. బ్రిటిష్ కాలంలో సైన్యం వాడే 303 తూటా పౌరుల చేతికి పోకుండా ఆపారు, దాని స్థానంలో ఈ బోరు మన దగ్గర పాతుకుపోయింది. దీనికి తూటాలు ఇప్పటికీ దేశంలోనే తయారవుతున్నాయి. 30-06 బోరు, పాయింట్ 22 బోరు కూడా ఈ వరసలోనే కలుపుకోండి.

రెండోది, విదేశీ రైఫిల్: మౌజర్, బ్రనో, వించెస్టర్, బీఎస్ఏ, రిగ్బీ, వెస్ట్లీ రిచర్డ్స్ లాంటివి. 1980ల నుంచి మామూలు లైసెన్సుదారులు విదేశాల నుంచి తుపాకులు తెప్పించుకునే దారి మూసుకుపోయింది. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. అందుకే వీటి లెక్క వేరు.

మూడోది, నిషేధిత బోరు. గొట్టం మీద 303 అని గానీ 7.62 అని గానీ ఉంటే ఆగిపోండి. మామూలు రైఫిల్ లైసెన్సు ఉన్న మనిషికి దాన్ని అమ్మలేరు. లైసెన్సులో ఏమని ఉంది, గొట్టం మీద ఏమని ఉంది అన్నది కలెక్టరేట్‌లో ఆయుధాల సెక్షన్‌తో తేల్చుకున్నాకే ముందుకు పోవాలి. 315ను చూసి 303 అని, 303ను చూసి 315 అని పొరబడేవాళ్లు ఎందరో. ఆకారాన్ని నమ్మకండి, ముద్ర చదవండి.

ఆ ముద్రలు గొట్టం మొదట్లో, చాంబర్ పైన, కొన్నిటికి కర్ర కింద దాగి ఉంటాయి. ఆర్.ఎఫ్.ఐ. అక్షరాలుంటే ఇషాపూర్. కిరీటం కింద అక్షరాలుంటే ఇంగ్లండ్‌లో గానీ పాత జర్మనీలో గానీ పరీక్ష చేసిన గుర్తు కావచ్చు. భూతద్దంతో చూసి ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో గీసుకోండి. కొట్టేసిన, అరగదీసిన, మళ్లీ పొడిచినట్టున్న నంబరు కనపడితే ధర మాట వదిలేసి లాయరుతో మాట్లాడండి. నంబరు చెరిపిన తుపాకీ దగ్గర ఉండటమే నేరం.

4. నంబర్లు కలుస్తున్నాయా

బోల్టు పద్ధతి రైఫిళ్లలో చాలావాటికి గొట్టం, బాడీ (బోల్టు కదిలే ఇనుప భాగం), బోల్టు మూడింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. బోల్టు నంబరు వేరైతే కొందరు చిన్న విషయంలా మాట్లాడతారు. కాదు. తూటాకు, బోల్టుకు మధ్య ఉండాల్సిన సందు ఆ రైఫిల్‌కు ఆ బోల్టుతోనే సరిచేసి ఉంటుంది. వేరే బోల్టు పెడితే సందు పెరిగి తూటా అడుగు చిట్లవచ్చు, మంట ముఖం మీదికి రావచ్చు. గేజీ పెట్టి చూసే పని ఆర్మరర్‌ది (తుపాకులు బాగుచేసే నిపుణుడు). ఆయన సరేనన్నా నంబర్లు కలవని రైఫిల్ ధర తగ్గుతుంది. ఆయన కాదంటే అది విడిభాగాల లెక్కకు దిగిపోతుంది.

డిపాజిట్‌లో పది రైఫిళ్లు ఒకచోట ఉన్నప్పుడు బోల్టులు విడిగా తీసి పెడితే తారుమారయ్యే ప్రమాదం ఉంది. వెనక్కి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే బోల్టు నంబరు చూసుకోండి.

5. గొట్టం లోపల: ఇక్కడ తీరిగ్గా కూర్చోండి

వాడే రైఫిల్‌కు ప్రాణం గొట్టమే. కర్ర మార్చవచ్చు, స్క్రూలు మార్చవచ్చు. గొట్టం పోతే మార్పించే ఖర్చు, దానికి కావలసిన అనుమతులు కలిపి చూస్తే రైఫిల్ ధరను మించిపోతాయి.

బోల్టు పూర్తిగా బయటికి తీసేయండి. ముందు పొడి గుడ్డ ముక్క ఒకటి చాంబర్ వైపు నుంచి రాడ్‌తో తోయండి. నూనె పెట్టకుండానే. ఆ గుడ్డ మీ సాక్షి. ఎర్రమట్టి రంగులో వస్తే లోపల తుప్పు. పచ్చ లేక నీలం ఛాయ ఉంటే తూటా రాగి గొట్టానికి పట్టుకుని ఉంది. జిడ్డుగా నల్లగా వస్తే ఎవరో గ్రీజు పూసి ఉంచారు. గ్రీజు మంచికీ పూస్తారు, గుంటలు దాచడానికీ పూస్తారు. అందుకే మొదటి చూపుతో నిర్ణయానికి రావొద్దు. బ్రష్ వేసి, గుడ్డలు తెల్లగా వచ్చేదాకా తుడిచి, అప్పుడు చూడండి.

చాంబర్ దగ్గర తెల్ల కాగితం అడ్డంగా పట్టి దాని మీద టార్చి వేయండి. కాగితం మీద పడి తిరిగి వచ్చే వెలుతురులో గొట్టం లోపలి గాళ్లు (తూటాను తిప్పే మెలికల గాడులు) సాఫీగా కనపడతాయి. టార్చి నేరుగా గొట్టంలోకి కొడితే అంతా మెరిసి మంచిదిలా కనపడుతుంది. ఎక్కువ మంది ఇక్కడే మోసపోతారు.

చూడాల్సినవి:

- గాళ్ల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి గుండ్రంగా అయ్యాయా.
- గోడ మెరుస్తోందా, మంచు పట్టిన అద్దంలా మసకగా ఉందా, చీమలు తిన్నట్టు గుంటలు ఉన్నాయా. మసక ఫర్వాలేదు. గుంటలు ధరను కోసేస్తాయి.
- ఎక్కడైనా నల్లటి ఉంగరం లాంటి నీడ అడ్డంగా కనపడుతోందా. అది గొట్టం ఉబ్బిన గుర్తు. బయట నుంచి వేళ్లతో మెల్లగా తడిమితే ఆ చోట ఎత్తు తెలుస్తుంది. ఉబ్బు ఉన్న రైఫిల్‌ను ఎవరూ కాల్చకూడదు. అక్కడితో వాడకం ధర ఆగిపోయింది.
- మూతి దగ్గర అంచు చుట్టూ సమంగా ఉందా. ఏళ్ల తరబడి మూతి వైపు నుంచి రాడ్ దూర్చి తుడిస్తే ఒక వైపు అరిగిపోతుంది. మిగతా గొట్టం ఎంత బాగున్నా గురి తప్పుతుంది.

గుంటలు ఎందుకు పడతాయో తెలిస్తే మీ రైఫిల్ చరిత్ర అర్థమవుతుంది. పాతకాలం తూటాల ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) పేలాక ఒక రకం ఉప్పు వదిలేది. ఉప్పు గాలిలో తేమను లాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో ఆ పని మరీ వేగంగా జరుగుతుంది. ఆ రోజుల్లో తెలిసినవాళ్లు కాల్చిన రోజే వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించేవాళ్లు. తెలియనివాళ్లు తోలు కవరులో పెట్టి మేకుకు తగిలించేవాళ్లు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. కవరు ఎంత అందంగా ఉంటే అంత అనుమానంగా లోపల చూడండి.

మా రైఫిల్‌ది కూడా చెబుతాను. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే డిపాజిట్ చేశాను. తుడిచి నూనె పెట్టి ఇవ్వాల్సింది, హడావిడిలో పొడిగానే ఇచ్చేశాను. తిరిగి చేతికి వచ్చేసరికి బోల్టు ముఖం మీద గోధుమ రంగు చుక్కలు పడ్డాయి. ఇప్పుడు అలా ఇవ్వను. నూనె పట్టించి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, రసీదు మీద స్థితి రాయించుకుని ఇస్తాను. మీరూ అలాగే చేయండి. ఆ రసీదు రేపు అమ్మేటప్పుడు జాగ్రత్తగా ఉంచుకున్నామని చెప్పే కాగితం అవుతుంది.

6. బోల్టు, ట్రిగ్గర్, సేఫ్టీ

బోల్టు ముఖం మీద సూది (తూటా అడుగును కొట్టే పిన్ను) రంధ్రం చుట్టూ చిన్న చిన్న కాలిన గుంటలున్నాయా చూడండి. డమ్మీ తూటా పెట్టి బోల్టు మూసి తెరవండి. తూటాను లాగి బయటికి విసరాలి. సేఫ్టీ పరీక్ష ఇలా: ఖాళీ రైఫిల్‌ను సిద్ధం చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. ఇప్పుడు సేఫ్టీ తీయండి. తీసినప్పుడు సూది దానంతట అదే పడితే లోపల అరుగుదల ఉంది. అది ముందే చెప్పి అమ్మండి, దాచవద్దు. కొన్నవాడి ఇంట్లో పిల్లలుంటారు.

అసలు మేగజైన్ ఉందా? చాలా ఇళ్లలో ఎప్పుడో విడిగా దాచి పోగొట్టుకుంటారు. ఇల్లంతా వెతకండి, పాత మోడల్‌కు మేగజైన్ దొరకడం కష్టం.

కాల్చి చూపించమని కొనేవాడు అడిగితే రేంజికి (అనుమతి ఉన్న కాల్పుల సాధన స్థలం) తప్ప ఎక్కడికీ వద్దు. చెరువు కట్ట, మామిడి తోట, కొండ వార, ఇవేవీ రేంజిలు కావు.

7. కర్ర, రంగు

కర్ర వెనక భాగం బాడీతో కలిసే చోట పగులు ఉందా, మేగజైన్‌కు వెనక వైపు, ముందు కర్రలో నెర్రె ఉందా చూడండి. కాల్చినప్పుడు దెబ్బంతా పడేది అక్కడే. కర్రను పట్టుకుని మెల్లగా ఊపండి, కదలకూడదు. రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం తట్టండి, డొల్ల శబ్దం వస్తే చెదలు తిన్నాయి. అసలుది విరిగి ఊళ్లో వడ్రంగి చేత టేకు కర్ర వేయించినవి కూడా కనపడతాయి. పనికి అడ్డం కాదు గానీ అసలు వాల్‌నట్ కర్ర ఉన్నదానికి వచ్చే ధర దీనికి రాదు.

ఇప్పుడు పాలిష్ సంగతి. మా నాయన రైఫిల్ నా చేతికి వచ్చిన కొత్తలో పెళ్లికూతురిలా మెరవాలనుకుని ఊళ్లో ఒక వర్క్‌షాప్‌లో బఫింగ్ చేయించి, మళ్లీ నలుపు వేయించాను. ఖర్చు పెట్టి మరీ ధర తగ్గించుకున్నాను. అసలు బ్లూయింగ్ (ఫ్యాక్టరీలో వేసిన నీలి నలుపు పూత) పోయింది, అక్షరాల అంచులు కరిగిపోయాయి, స్క్రూ రంధ్రాలు పళ్లెంలా దిగిపోయాయి. డీలరు చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి కింద పెట్టేశాడు. నలభై ఏళ్ల చేతుల రాపిడికి పలచబడిన అసలు రంగుకు విలువ ఉంది. నిన్న వేసిన నలుపుకు లేదు.

అందుకే ధర కట్టించే ముందు చేయాల్సింది ఇంతే: గొట్టం లోపల శుభ్రం, బయట మెత్తటి గుడ్డతో సన్నటి నూనె పూత. పైపై తుప్పుంటే నూనె పట్టించి ఒక రాత్రి ఉంచి గుడ్డతోనే తుడవండి. స్క్రూ ఒక్కటి కూడా విప్పకండి.

8. లెక్క

వేలల్లో లక్షల్లో చెబితే ఏడాది తిరిగేసరికి తప్పైపోతుంది, కాబట్టి వందతో చెబుతాను. ఇది నా అనుభవం మీద కట్టుకున్న లెక్క, చట్టం కాదు.

ఫ్యాక్టరీ 315కు: అదే బోరు కొత్త రైఫిల్ ఈరోజు డీలరు దగ్గర పన్నులతో ఎంతో కనుక్కోండి. అది 100. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, చక్కగా చూసుకున్న పాతది 60 దగ్గర మొదలవుతుంది. గొట్టం మసకైతే 6 తీయండి, గుంటలుంటే 20. కర్ర పగిలితే 6. మేగజైన్ లేకపోతే 5. బోల్టు నంబరు కలవకపోతే 10, అదీ ఆర్మరర్ సరేనంటేనే. కొన్నప్పటి బిల్లు భద్రంగా ఉంటే 2 కలపండి.

పుత్తూరు దగ్గర ఒక పెద్దాయన రైఫిల్‌కు ఇలాగే కట్టాం. 60లో గొట్టం మసకకు 6 పోయి 54, కర్ర నెర్రెకు 6 పోయి 48, బిల్లు ఉన్నందుకు 50. అది కొనేవాడు ఇచ్చే ధర. డీలరు తనే కొనుక్కుంటే తన లాభం, అమ్ముడుపోయేదాకా ఉంచుకునే భారం చూసుకుని 35 నుంచి 40 మధ్య అడుగుతాడు. అది అన్యాయం కాదు. ఆయన కొట్టుకు కూడా లైసెన్సు, రిజిస్టర్లు, తనిఖీలు ఉన్నాయి.

విదేశీ రైఫిల్‌కు ఈ లెక్క పనికిరాదు. దానికి కొత్తది లేదు కాబట్టి వంద అన్నదే లేదు. అక్కడ చూసేది తయారీదారు పేరు, ఎంత అసలుగా ఉంది, తూటా దొరుకుతుందా. వించెస్టర్ మోడల్ 70లో 1964కు ముందు చేసినవాటికి గిరాకీ ఎక్కువ. రిగ్బీ లాంటి లండన్ కంపెనీల దగ్గర పాత అమ్మకాల పుస్తకాలున్నాయి. నంబరు రాసి పంపితే ఎప్పుడు, ఎవరికి అమ్మారో చెప్పే ఏర్పాటు ఉంది. మంచి రైఫిల్ అయితే ఆ ఖర్చు పెట్టండి. కానీ టెలిస్కోప్ కోసం ఎవరో బాడీకి రంధ్రాలు చేసి ఉంటే, నలుపు మళ్లీ వేసి ఉంటే, సగం విలువ పోయిందనుకోండి. తూటా దొరకని బోరైతే కొనేవాళ్లు ఒకరిద్దరే మిగులుతారు. ఎంత పెద్ద పేరైనా అంతే.

"మామండూరు అడవుల్లో దొరలతో వేటకు వెళ్లిన రైఫిల్" అని చెప్పే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. కథ నిజమే కావచ్చు. ధరలో కలవాలంటే ఆనాటి ఉత్తరం, ఫొటో, పర్మిట్, నంబరుతో ఉన్న బిల్లు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఉంటే ఆ కాగితాన్ని రైఫిల్ కంటే జాగ్రత్తగా దాచండి.

ధర ఎందుకు ఇంత తక్కువ అని బాధపడేవాళ్లకు: మన వైపు కొనేవాళ్లే తక్కువ. లైసెన్సు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేతి తుపాకీ కోరుకుంటారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట లేదు. శ్రీ వేంకటేశ్వర అభయారణ్యం, పలమనేరు కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల ఉండేవాళ్లకు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే అటవీ శాఖ ముందస్తు సమ్మతి కావాలి. పైగా 2019 సవరణతో ఒక మనిషి దగ్గర మూడు ఆయుధాలు ఉండే వీలు పోయి రెండుకు దిగింది. మూడోది వదిలించుకోవాల్సి వచ్చినవాళ్లు ముందుగా తీసింది వాడని పాత రైఫిలే.

9. లెక్క సరిపోయిందో లేదో చూసుకోండి

కనీసం ముగ్గురు డీలర్లను అడగండి. ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: "మీరే కొంటే ఎంత?", "మీ దగ్గర పెట్టి అమ్మిస్తే నా చేతికి ఎంత?" తర్వాత వేరే రోజు వెళ్లి, ఇలాంటి స్థితిలో ఉన్న ఇలాంటి రైఫిల్ కొనాలంటే ఎంత అవుతుందో అడగండి. అమ్మేవాడిగా విన్న ధరకు, కొనేవాడిగా విన్న ధరకు మధ్య మీ అసలు ధర ఉంటుంది.

ముగ్గురిలో ఒకరు బాగా తక్కువ చెబితే కోపం తెచ్చుకోకుండా కారణం అడగండి. "గొట్టంలో ఉబ్బు ఉంది" అని ఆయనొక్కడే చెప్పి, మిగతా ఇద్దరూ చూడకపోయి ఉండవచ్చు. కారణం చెప్పలేకపోతే ఆ ధరను పక్కన పెట్టండి. ఒకరు బాగా ఎక్కువ చెబితే కూడా అడగండి, ఎందుకంటే కొందరు ఎక్కువ చెప్పి రైఫిల్ తమ దగ్గర పెట్టించుకుంటారు. నెల నెలా దాచినందుకు రుసుము కట్టి కట్టి, విసిగిపోయి, చివరికి అమ్మేవాళ్లు ఆ డీలరు అడిగిన తక్కువ ధరకే ఇచ్చేస్తారు. రుసుము ఎంతో, ఎన్నాళ్లు ఉంచుతారో ముందే రాయించుకోండి.

ధర కనుక్కోవడానికి రైఫిల్ కారులో వేసుకుని తిరగొద్దు. ముఖ్యంగా చిత్తూరు వాళ్లు. వేలూరు గంట దారే, అక్కడి డీలర్ ఎక్కువ ఇస్తాడని విని బయలుదేరతారు. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే, సరిహద్దు దాటిన క్షణం అది నేరం. చెన్నై, బెంగళూరు డీలర్లయినా అంతే. ముందు మీ లైసెన్సు ఎక్కడిదాకా చెల్లుతుందో చదవండి. అలిపిరి గేటు దాటి కొండమీదికి అసలే తీసుకెళ్లకూడదు. నెట్‌లో అమ్మకం ప్రకటన పెట్టడం కూడా వద్దు. మీ ఇంట్లో రైఫిల్ ఉందని ఊరందరికీ చెప్పినట్టు అవుతుంది.

10. అమ్మేటప్పుడు

డీలరుకు కాకుండా నేరుగా ఇంకో లైసెన్సుదారుకు అమ్ముతుంటే, ముందుగా కలెక్టరుకు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి. కొనేవాడి పేరు, చిరునామా అందులో ఉండాలి. తెలిపాక 45 రోజులు గడవాలి. కలెక్టరేట్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా తీసుకోండి, డీలర్లు అదే అడుగుతారు. కొనేవాడి లైసెన్సు జిరాక్స్ కాదు, ఒరిజినల్ చూడండి. అందులో రైఫిల్ అని ఉందా, ఆ బోరుకు చెల్లుతుందా, ఇంకో ఆయుధం చేర్చే ఖాళీ ఉందా చదవండి. అడ్వాన్సు తీసుకుని రైఫిల్ ముందే ఇచ్చేయడం, "కాగితాలు తర్వాత చూసుకుందాం లే" అనే మాట, ఈ రెండింటికీ ఒప్పుకోకండి. ఎంత దగ్గరి బంధువైనా సరే.

రైఫిల్ చేయి మారిన రోజే మీ లైసెన్సులో దాని వివరాలు తీసేయమని అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. రేపు ఆ రైఫిల్ గురించి ఎవరైనా మీ ఇంటి తలుపు తడితే చూపించాల్సింది ఆ ముద్ర ఉన్న కాగితమే. దాన్ని పాత బిల్లుతో కలిపి లామినేషన్ చేయించి, ఇంట్లో ఇద్దరికి తెలిసే చోట పెట్టండి.